మన ఇండ్లలోని వీడియోలు – మార్పిడిలో నిలిచినవి, పోయినవి

(శతవార్షికోత్సవ సభలలో, వీడియోల సేకరణ ఉపసంఘము తరఫున చదివిన ప్రసంగ పాఠము)



ఈ శతవార్షికోత్సవమునకు సంఘ చరిత్ర వ్రాయు బాధ్యత పెద్దలకు అప్పగించి, ఇండ్లలో ఉన్న కదిలే బొమ్మలను పోగుచేయు పని మా నలుగురికి ఇచ్చినారు. మాలో ఒకరు ఉద్యోగ విరమణ చేసిన బడి పంతులు, ఒకరు పెండ్లిండ్లకు వీడియో తీయువారు, ఇద్దరు కంప్యూటరు చదువుకొన్న యువకులు. పని తేలిక అని తలచినాము. "ఇప్పుడు అన్నియు డిజిటల్ అయిపోయినవి గదా, తెచ్చి ఒకచోట పెట్టుటయే గదా" అనుకొన్నాము. ఆ తలంపు ఎంత పొరపాటో చెప్పుటకే ఈ దినమున మీ ముందు నిలిచినాము. మేము నేర్చుకొన్న సంగతి ఒక్కటే. డిజిటల్ చేసినంత మాత్రమున బొమ్మ భద్రమైనట్లు కాదు. ఒక రకము నుండి వేరొక రకమునకు మార్చినప్పుడెల్ల సాధారణముగా కొంత పోవును. కనుక మొదటి ప్రతిని పారవేయరాదు.

రాజమహేంద్రవరము నుండి రాజోలు వరకు, కొవ్వూరు నుండి నర్సాపురము వరకు తిరిగినాము. వెళ్ళిన ప్రతి ఇంటను ఆదరించినారు. కాఫీ ఇచ్చినారు, అటక ఎక్కి దింపి ఇచ్చినారు. దారముతో కట్టిన వి.హెచ్.ఎస్. క్యాసెట్ల కట్టలు, అరచేతిలో ఇమిడే చిన్న క్యాసెట్లు, పెండ్లి ఆల్బములలో దూర్చిన సి.డి.లు, డి.వి.డి.లు, పని చేయని ఒక కంప్యూటరు నుండి ఊడదీసిన హార్డుడిస్కు, పెన్‌డ్రైవులు దొరకినవి. ఒక ఇంట రేకు డబ్బాలో 8 మి.మీ. ఫిలిము చుట్ట కూడ దొరకినది. అన్నిటికిని వీడియో అనియే పేరు. అయితే వాటిలో ఏ రెండును ఒకే భాష మాట్లాడవు.

ఈ డెల్టాకు వచ్చిన బౌడెన్, బీర్ దొరల కాలమున గాని, 1874లో కాకినాడలో కెనడా బాప్తిస్టులు పని ఆరంభించిన కాలమున గాని కదిలే బొమ్మలు లేవు. సామాన్యులు చేతబట్టి తీయగల 16 మి.మీ. ఫిలిము 1923లో వచ్చినది. మరింత చౌకయైన 8 మి.మీ. ఫిలిము 1932లోను, సూపర్ 8 అనునది 1965లోను వచ్చినవి. మిషనెరీలు సెలవు మీద స్వదేశమునకు పోయినప్పుడు అక్కడి సంఘములకు చూపుటకు ఇటువంటి ఫిలిములు తీసెడివారు. మనవారి చేతికి మాత్రము కెమెరా వచ్చినది వీడియో క్యాసెట్టు వచ్చిన తరువాతనే. 1982లో ఢిల్లీ ఏషియన్ క్రీడలతో మన దేశమునకు రంగుల టెలివిజన్ వచ్చినది. వెనువెంటనే వి.సి.ఆర్.లు వచ్చినవి. పెండ్లిండ్లు, ప్రతిష్ఠలు, క్రిస్మసు నాటికలు అన్నియు క్యాసెట్ల మీదికి ఎక్కినవి. అనగా మన సంఘపు కదిలే జ్ఞాపకములు ఇంచుమించు నలుబది ఏండ్లవి మాత్రమే. అవియు అప్పుడే చేజారుచున్నవి.

ఇక మా మొదటి సాయంత్రము సంగతి చెప్పుచున్నాము. సేకరించిన వాటిలో కొన్నిటిని దేవాలయ ఆవరణములో తెర కట్టి చూపుదుమని ప్రకటించినాము. ముందు వరుసలో ఎనుబది దాటిన ఒక మామ్మగారు కూర్చుండినారు. ఆమె తండ్రిగారు ఉపదేశిగా కాలువ గట్ల వెంట ఊరూర నడచి పని చేసినవారు. 1991 క్రిస్మసుకు ఆయన తన ఇంటి అరుగు మీద కూర్చుండి, చుట్టును చేరిన మనుమలకు తన పాత రోజుల సంగతులు చెప్పిన ఇరువది రెండు నిమిషముల వీడియో ఒకటి ఉన్నది. ఆ మరుసటి సంవత్సరమే ఆయన ప్రభువునందు నిద్రించినారు. ఆయన మాట, నడత పట్టిన బొమ్మ లోకములో అది ఒక్కటే.

ఆ ఫైలు పెట్టినాము. మాట వినబడినది. తెర మాత్రము నల్లగా నుండిపోయినది. మావాడు తీగలు ఊడదీసి మరల పెట్టినాడు. మాటయే గాని బొమ్మ లేదు. అప్పుడు మామ్మగారు, "బాబూ, నాన్నగారి గొంతు వినబడతావుంది గదా, మనిషేడీ?" అన్నారు. మాకు తల ఎత్తుటకు సిగ్గయినది. మనిషేడీ అను ఆ ప్రశ్నకు జవాబు వెదకుటలోనే ఈ సంగతులన్నియు నేర్చుకొన్నాము.

మొదట ఆ వీడియో నడచిన దారిని ఆరా తీసినాము. 1991లో అమెరికా నుండి వచ్చిన మనుమడు తన వెంట తెచ్చుకొన్న చిన్న క్యాసెట్టు కెమెరాతో దానిని తీసినాడు. ఆ క్యాసెట్టు ఇక్కడి టి.వి.లలో ఆడలేదు. అతడు తిరిగి తీసుకొనిపోయి, 2004 ప్రాంతమున డి.వి.డి. చేయించి ఒక ప్రతి ఇంటికి పంపినాడు. ఇక్కడ ఇంట్లో ఉన్న ప్లేయరు సి.డి.లను మాత్రమే ఆడించునది గనుక, ఎవరో దానిని వి.సి.డి.గా చేయించినారు. ఆ వి.సి.డి. నుండి కంప్యూటరు ఫైలు ఒకటి తయారైనది. దాని నుండి ఫోనుకు ఒకటి, ఫోను నుండి వాట్సాపులో మరియొకటి. మా చేతికి వచ్చిన రెండు ఫైళ్ళు ఈ చివరి మెట్లవి. అనగా క్యాసెట్టు తరువాత అయిదు చేతులు మారిన బొమ్మ అది.

ఈ దారిలో మొదటి అడ్డు ఏమి? అమెరికా కెమెరాతో తీసిన క్యాసెట్టు ఇక్కడ ఎందుకు ఆడలేదు? మన దేశములో కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు, అమెరికాలో 60. టెలివిజన్ పద్ధతులు పుట్టినప్పుడు ఆయా దేశముల కరెంటునకు జత కలిపి బొమ్మల వేగము నిర్ణయించినారు. అమెరికావారి పద్ధతి పేరు ఎన్.టి.ఎస్.సి. దానిలో బొమ్మ 525 గీతలుగా, సెకనుకు సుమారు 30 బొమ్మలుగా నడచును. జర్మనీలో వాల్టర్ బ్రూక్ అను ఇంజనీరు రూపొందించి, 1967 నుండి ప్రసారములలో వాడుకకు వచ్చిన పద్ధతి పేరు పాల్. దానిలో 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. మన దేశము పాల్ పద్ధతిని తీసుకొన్నది. ఒక పద్ధతి క్యాసెట్టును మరియొక పద్ధతి యంత్రములో పెట్టినచో బొమ్మ పైకి క్రిందికి దొర్లును, లేక రంగు పోవును, లేక ఏమియు రాదు.

కోనసీమలో ఈ బాధ ఎరుగని ఇల్లు తక్కువ. ఇక్కడ పెండ్లి జరిగినచో, రాలేకపోయిన అన్నగారికి అమెరికాకు క్యాసెట్టు పంపెడివారు. అక్కడ అది ఆడెడిది కాదు. పట్టణములలో డబ్బు తీసుకొని పాల్ నుండి ఎన్.టి.ఎస్.సి.కి మార్చి ఇచ్చు దుకాణములు ఉండెడివి. ఆ మార్పులో సెకనుకు 25 బొమ్మలను 30 చేయవలెను. లేని అయిదు బొమ్మలు ఎక్కడి నుండి వచ్చును? పక్క బొమ్మనే మరల వేయుదురు, లేక రెండు బొమ్మలను కలిపి ఒకటి చేయుదురు. అందుచేతనే అట్టి క్యాసెట్లలో పెండ్లికుమార్తె నడచి వచ్చుచుండగా అడుగడుగునకు చిన్న కుదుపు, లేక చేతి వెనుక మరియొక చేయి నీడవలె కనబడుట. అది కెమెరా తీసినవాని లోపము కాదు, మార్పిడి చేసిన గాయము.

ఇక్కడ ఒక సంతోషకరమైన మాట చెప్పవచ్చును. ఆ మార్పిడి టి.వి. పెట్టెల కొరకు అవసరమైనది. నేటి కంప్యూటరుకు పాల్ అయినను ఎన్.టి.ఎస్.సి. అయినను ఒక్కటే, రెండింటిని ఆడించును. కనుక మీ ఇంట్లో అమెరికా పద్ధతి వీడియో ఉన్నచో దానిని మన పద్ధతికి మార్చుటకు నేడు ఏ కారణమును లేదు. ఎట్లున్నదో అట్లే ఉంచుడి.

రెండవ అడ్డు డిజిటల్ అయిన తరువాత వచ్చునది. దీనిని మన ధాన్యము లెక్కలో చెప్పెదము. ఫైలు పేరు చివర ఎ.వి.ఐ. అనియు, ఎం.పి.4 అనియు, ఎం.ఓ.వి. అనియు, డి.వి.డి.లోనివైతే వి.ఓ.బి. అనియు ఉండుట చూచియుందురు. ఇవి గోనె సంచుల పేర్లు. సంచిలో ఏ గింజ ఉన్నదో సంచిని బట్టి తెలియదు. బొమ్మను కుదించి పెట్టు పద్ధతులు వేరు, వాటిని కోడెక్కులు అందురు. డి.వి.డి.లో ఉండునది ఎంపెగ్ 2, వి.సి.డి.లో ఎంపెగ్ 1, నేటి ఫోనులలో ఎక్కువగా హెచ్.264. ఒకే సంచిలో బొమ్మ ఒక పద్ధతిలోను, మాట వేరొక పద్ధతిలోను ఉండవచ్చును. మా మొదటి సాయంత్రము జరిగినది ఇదియే. తెర యంత్రమునకు సంచి విప్పుట తెలిసినది, మాట పద్ధతి తెలిసినది, బొమ్మను కుదించిన పాత పద్ధతి మాత్రము తెలియదు. మనిషి సంచిలోనే ఉన్నాడు, బయటికి తీయు నేర్పు యంత్రమునకు లేదు. వి.ఎల్.సి. అను ఉచిత ప్రోగ్రాముతో అదే ఫైలును కంప్యూటరులో ఆడించగా బొమ్మ కనబడినది.

కొందరు ఫైలు పేరు చివరి అక్షరములను మార్చి, ఎ.వి.ఐ. తీసి ఎం.పి.4 అని వ్రాసి, మార్చివేసితిమని అనుకొందురు. సంచి మీద స్వర్ణ అని ముద్ర వేసినంతనే లోపలి గింజ స్వర్ణ కాదు. అది మార్పిడి కాదు.

నిజమైన మార్పిడి రెండు విధములు. మొదటిది, గింజను ముట్టుకొనక సంచి మాత్రము మార్చుట. దీనిలో నష్టము లేదు, నిమిషములలో అయిపోవును. రెండవది, గింజనే మార్చుట, అనగా విప్పి మరల వేరొక పద్ధతిలో కుదించుట. దీనిలో సాధారణముగా నష్టమున్నది. వడ్లను మరలో ఆడించి బియ్యము చేయుదుము. ఊక పోవును, తవుడు పోవును, నూక విరుగును. బియ్యము తినుటకు మంచివే. కాని ఆ బియ్యమును మరల వడ్లు చేయలేము, నారుమడిలో చల్లలేము. చూచుటకు తేలికైన చిన్న ఫైలు చేసికొనుట తప్పు కాదు. విత్తనపు వడ్లను కూడ మరకు పంపుటయే తప్పు.

ఎంత పోవునో లెక్క చూడుడి. పాల్ పద్ధతిలోని డిజిటల్ క్యాసెట్టు బొమ్మలోను, డి.వి.డి. బొమ్మలోను అడ్డముగా 720, నిలువుగా 576 చుక్కలు. వి.సి.డి. బొమ్మలో 352, 288. హెచ్చించి చూచినచో వి.సి.డి.లో ఉన్నది నాలుగవ వంతుకంటె తక్కువ. మినీ డి.వి. అను డిజిటల్ క్యాసెట్టు గంటకు సుమారు 13 జి.బి. పట్టును. వి.సి.డి. గంటకు 600 ఎం.బి. పైచిలుకు మాత్రమే, అనగా ఇంచుమించు ఇరువదవ వంతు. వాట్సాపులో సాధారణముగా పంపినచో ఇంకను కుదించును. ఆ చివరి మెట్టులో ఉపదేశిగారి ముఖము కండ్లు, ముక్కు తెలియని చదరపు ముక్కలుగా మారిపోయినది. ఇప్పుడు మనిషి కనబడుచున్నాడు గాని ఎవరో తెలియుట లేదు.

కనుక మేము దారి వెంట వెనుకకు నడచినాము. మామ్మగారి ఇంట్లో వి.సి.డి. దొరకినది. డి.వి.డి. ఎక్కడ అని అడుగగా ఎవరికిని తెలియదు. మూడవసారి వెళ్ళినప్పుడు ఆమె కోడలుగారు బీరువా అడుగున పెండ్లి శుభలేఖల కవరులో దానిని చూచినారు. డిస్కు వెనుక తేమ మచ్చలు ఉన్నవి. మెత్తని గుడ్డతో నడుమ నుండి అంచునకు తుడిచి, రెండు మూడు వేర్వేరు యంత్రములలో ప్రయత్నించగా, ఇరువది రెండు నిమిషములలో పదకొండు నిమిషములు శుభ్రముగా చదువబడినవి. మిగిలిన సగము రాలేదు. అమెరికాలోని మనుమడికి ఫోను చేసి అసలు క్యాసెట్టు అడిగినాము. "డిజిటల్ అయిపోయింది గదండీ, ఇల్లు మారినప్పుడు పారేశాం" అన్నాడు. అతని మీద నేరము మోపుటకు మాకు నోరు రాలేదు. ఏలయనగా అంతకు రెండు నెలల ముందే మేమును అటువంటి పని చేసియుంటిమి.

ఆ సంగతి దాచుట ధర్మము కాదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుపాను కోనసీమ కొబ్బరి తోటలను ఎట్లు పడవేసినదో మీలో చాలమందికి తెలియును. ఒక గ్రామములో ఆ మరుసటి ఉదయమున తీసిన వి.హెచ్.ఎస్. క్యాసెట్టు మాకు ఇచ్చినారు. కప్పు లేచిపోయిన దేవాలయము, ఆవరణములో వంట చేయుచున్న స్త్రీలు, పడిన చెట్ల మీద కూర్చుండిన పిల్లలు దానిలో ఉండిరి. మేము దానిని కంప్యూటరునకు ఎక్కించినాము. స్థలము చాలదని చిన్నదిగా కుదించి, అదే పేరుతో భద్రపరచినాము. మొదటి పెద్ద ఫైలు చెరిగిపోయినది. తరువాత చూడగా బొమ్మలో ఎవరు కదలినను అంచులు దువ్వెన పండ్లవలె చీలియున్నవి. మరల ఎక్కింతమని క్యాసెట్టు పెట్టగా, వి.సి.ఆర్. టేపును నమిలివేసినది. ముడతలు పడిన ఆ టేపు నుండి ఇప్పుడు ఏమియు రాదు. దువ్వెన పండ్ల బొమ్మయే మిగిలినది. ఆ గ్రామ సంఘమునకు వెళ్ళి క్షమాపణ చెప్పుకొన్నాము. వారు, "పోనీయండి, అదైనా ఉంది" అన్నారు. ఆ మాట మమ్మును ఇంకను బాధించినది.

ఆ దువ్వెన పండ్లు ఎందుకు వచ్చినవో చెప్పవలెను. పాత టెలివిజన్ ఒక్కొక్క బొమ్మను రెండు సగములుగా చూపును. మొదట బేసి గీతలు, తరువాత సరి గీతలు. ఆ రెండు సగముల నడుమ సెకనులో యాబదవ వంతు కాలము గడచును. ఆ కాలములో మనిషి కొంచెము కదలును. పాత టి.వి.లో అది కంటికి నున్నగా కనబడును. కంప్యూటరు ఆ రెండు సగములను ఒక్కసారి అతికించి చూపినచో అంచు చీలును. దీనిని సరిదిద్దు ఉపాయము కంప్యూటరులో కలదు. కాని చీలికలను సరిదిద్దక, బొమ్మను చిన్నది చేసి కుదించినచో గీతలు కలసిపోయి, ఆ చీలిక బొమ్మలో శాశ్వతముగా నాటుకొనును. మేము చేసినది అదే.

ఇంకొక రెండు లోపములు మీ ఇండ్లలో మీరే కనిపెట్టవచ్చును. పాత బొమ్మ వెడల్పు నాలుగు పాళ్ళు, ఎత్తు మూడు పాళ్ళు. నేటి టి.వి. పదునారు, తొమ్మిది. పాత బొమ్మను సాగదీసి తెర నిండ పరచినచో కోల ముఖములు గుండ్రమగును, బక్కవారు లావగుదురు. తెరకు రెండు ప్రక్కల నల్లని ఖాళీ ఉండనిండు, అది లోపము కాదు. ఇక పాత ఫిలిము చుట్టలు. మూగ 8 మి.మీ. ఫిలిము సెకనుకు 16 బొమ్మలు, సూపర్ 8 పద్ధతిలో 18 బొమ్మలుగా తీయుట ఆచారము. దానిని లెక్క చూడక 25 బొమ్మలుగా నడిపినచో మన తాతలు పరుగెత్తుచున్నట్లు కనబడుదురు. పిల్లలు చూచి నవ్వుదురు. తాతలు అట్లు నడువలేదు.

మామ్మగారి వీడియో విషయమున తుదకు ఏమి చేసితిమి? డి.వి.డి. నుండి వచ్చిన పదకొండు నిమిషములను గింజ ముట్టుకొనక సంచి మాత్రము మార్చినాము. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అను ఉచిత ప్రోగ్రాము ఈ పని చేయును. 2000లో ఫ్రాన్సు దేశస్థుడైన ఫాబ్రిస్ బెల్లార్డ్ దానిని ఆరంభించినాడు. అమెరికా పద్ధతిని మన పద్ధతికి మార్చలేదు. మిగిలిన పదకొండు నిమిషములను వి.సి.డి. నుండి తీసి వేరుగా ఉంచినాము. చూపుట కొరకు మాత్రము రెండింటిని కలిపి ఒక ప్రతి చేసినాము. దానిలో సగము వరకు ముఖము స్పష్టముగా నుండి, తరువాత మసకబారును. ఆ మసకను దాచుటకు కంప్యూటరుతో ముఖమును కొత్తగా చెక్కించవచ్చునని ఒకరు సలహా ఇచ్చినారు. ఒప్పుకొనలేదు. అట్లు చెక్కిన ముఖము యంత్రము ఊహించినది అగును గాని ఆయనది కాదు.

రెండవసారి తెర కట్టలేదు. ఆమె ఇంటికే వెళ్ళి, మంచము ఎదుట ల్యాప్‌టాపు పెట్టి చూపినాము. ఆమె కన్నీరు పెట్టుకొనలేదు. తండ్రిగారిని చూచి, "ఆ కండువా నేనే ఉతికి ఆరేసినాను" అన్నారు. తరువాత అరుగు చుట్టును ఉన్నవారిని ఒక్కొక్కరిని వ్రేలు పెట్టి చూపుచు పేర్లు చెప్పసాగినారు. పంతులుగారు నోటు పుస్తకములో వ్రాసికొన్నారు. ఆ బొమ్మలో పదునాలుగురు ఉన్నారు. పదకొండుగురి పేర్లు, వారి ఇంటి పేర్లు, ఎవరి పిల్లలో ఆమె చెప్పినారు. మిగిలిన ముగ్గురు మసక సగములో మాత్రమే కనబడుదురు. "ముఖం తెలీడం లేదు బాబూ" అన్నారు. గత వర్షాకాలమున ఆమె కూడ ప్రభువునందు నిద్రించినారు. ఆ ముగ్గురి పేర్లు చెప్పగలవారు ఇప్పుడు మాకు ఎవరును దొరకలేదు. మార్పిడిలో పోయినదేమి అని ఎవరైన అడిగినచో ఆ మూడు పేర్లను చూపుదుము.

మన సంఘములలో బాప్తిస్మపు రిజిస్టరు కలదు. బడిలో చేర్చుటకో, ఉద్యోగమునకో ఎవరైన వచ్చి అడిగినచో గురువుగారు దాని నుండి నకలు వ్రాసి ఇచ్చుదురు. నకలు ఇచ్చితిమి గదా అని ఏ గురువుగారును రిజిస్టరును పారవేయరు. నకలునకు నకలు తీసి, దానికి మరల నకలు తీసినచో ఎక్కడో ఒక పేరు తప్పు పడును. అప్పుడు చూచుటకు రిజిస్టరు ఉండవలెను. వీడియోల విషయమునను ఈ ఒక్క నియమము చాలును.

కనుక ప్రతి ఇంటికి, ప్రతి సంఘమునకు మా మనవులు ఇవి.

ఒకటి: క్యాసెట్టు, ఫిలిము, డిస్కు ఏదైనను డిజిటల్ చేసిన తరువాతను పారవేయకుడి. నిలువుగా, పొడిచోట, నేలకు ఎత్తుగా ఉంచుడి. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ. తెల్లని బూజు పట్టిన టేపును వి.సి.ఆర్.లో పెట్టకుడి, అది టేపును, యంత్రమును రెండింటిని పాడు చేయును. తెలిసినవారిచేత శుభ్రము చేయించవలెను.

రెండు: ఆలస్యము చేయకుడి. వి.సి.ఆర్.లు తయారు చేయుచుండిన చివరి కంపెనీయైన జపాను దేశపు ఫునాయ్ 2016 జూలైలో ఆ పని మానివేసినది. యునెస్కో 2019లోనే టేపుల విషయమున ప్రపంచమును హెచ్చరించినది. 2025 నాటికి డిజిటల్ చేయనివి ఇక దక్కుట కష్టమని చెప్పినది. ఆ గడువు దాటినది. అయినను పని చేయు యంత్రములు అక్కడక్కడ మిగిలియున్నవి. అవి మూలపడకముందే చేయింపుడి.

మూడు: దుకాణమునకు ఇచ్చునప్పుడు "చిన్న ఫైలు చేసి పెట్టండి" అనకుడి. ముందుగా పెద్ద ఫైలు అడుగుడి. దానిని ముట్టుకొనక ఉంచి, దాని నుండి చూచుటకు ఎం.పి.4 ప్రతి వేరుగా చేయింపుడి. రెండింటికి వేరు పేర్లు పెట్టుడి. ఒకే పేరు పెట్టి మేము మోసపోయినాము. నష్టము లేకుండ కుదించు ఎఫ్.ఎఫ్.వి.1 వంటి పద్ధతులు కలవు. సంఘపు ప్రతులకు అట్టివి ఉత్తమము.

నాలుగు: డి.వి.డి. ఉన్నచో అందులోని ఫైళ్ళను యథాతథముగా కంప్యూటరునకు ఎక్కించి ఉంచుడి. ఫోనులో పంపవలసినచో వీడియోగా గాక డాక్యుమెంటుగా పంపుడి, అప్పుడు కుదింపబడదు.

అయిదు: మూడు ప్రతులు ఉంచుడి. ఒకటి ఇంట, ఒకటి దేవాలయములో, ఒకటి దూరమున నున్న పిల్లల యొద్ద. 1986 ఆగస్టు వరదలు చూచినవారికి ఒకే ఊరిలో రెండు ప్రతులు ఉన్నను చాలవని చెప్పనక్కరలేదు. కొన్ని ఏండ్లకొకసారి తెరచి, ఆడుచున్నదో లేదో చూడుడి. హార్డుడిస్కు కూడ మూలపడి పాడగునదే.

ఆరు: అన్నిటికంటె ముఖ్యమైనది. ఈ వారమే మీ ఇంటి పెద్దవారిని వీడియో ముందు కూర్చుండబెట్టి, ఎవరెవరో చెప్పించి, కాగితము మీద వ్రాయుడి. బొమ్మను మార్చుటకు రేపు మరింత మంచి యంత్రము రావచ్చును. పేరు చెప్పగల మనిషి మరల రాడు.

మా ఉపసంఘము ఇంతవరకు పోగుచేసినవన్నియు పెద్ద ఫైళ్ళుగా, పేర్ల పుస్తకముతో సహా, శతవార్షికోత్సవ కార్యాలయమునకు అప్పగించుచున్నాము. తుపాను క్యాసెట్టు ముడతల టేపును కూడ పారవేయక అందులోనే పెట్టినాము. ఎవరి ఇంట నైనను 1991 క్రిస్మసు నాటి ఉపదేశిగారి అరుగు ఫొటో ఉన్నచో దయచేసి మాకు చూపుడి. ఆ ముగ్గురు అందులో స్పష్టముగా ఉండవచ్చును.